డిప్రెషన్ అన్నారు, మనిషేమో నిమిషం కూర్చోడు: మిశ్రమ డిప్రెషన్‌పై తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖలో మానసిక వైద్యానికి వచ్చే కుటుంబాలతో మాట్లాడటం నా పని. మందులు రాసే డాక్టర్ని కాదు, సోషల్ వర్కర్ని. ఓపీ బయట బెంచీ మీద జనం అడిగేవాటిలో ఒక రకం ప్రశ్న మళ్ళీ మళ్ళీ వస్తుంటుంది. డాక్టరు డిప్రెషన్ అన్నారు, మా మనిషేమో మంచం మీద ఉండడు, తిరుగుతాడు, పోట్లాడతాడు, ఇదేం డిప్రెషనండీ అని. ఆ ప్రశ్న చుట్టూ ఉన్నవే ఇవన్నీ.

ఇంట్లో ఎవరైనా ఇప్పుడే చచ్చిపోతానంటుంటే ఇది తర్వాత చదవొచ్చు. ముందు ఒకరు ఆ మనిషి పక్కన కూర్చోండి, ఇంకొకరు 108కి గానీ, టెలీ మానస్ మానసిక సహాయ లైను 14416కి గానీ ఫోన్ చేయండి.

మిశ్రమ డిప్రెషన్ అంటే ఏమిటి?

డిప్రెషన్ పూర్తిస్థాయిలో ఉంటూనే, అవే రోజుల్లో మేనియా, అంటే హద్దు దాటిన ఊపు, దాని లక్షణాలు కొన్ని కలిసి ఉండటం. ఒక పక్క దిగులు, దేని మీదా ఆశ లేకపోవడం, తప్పంతా నాదేననే భావన, చావు ఆలోచనలు. ఇంకో పక్క ఆగకుండా పరుగెత్తే ఆలోచనలు, ఒంట్లో కుదురు లేకపోవడం, చీటికీ మాటికీ కోపం, వరసపెట్టి మాట్లాడటం, కంటి మీద కునుకు లేకపోయినా కాళ్ళూ చేతులూ ఆడుతూనే ఉండటం.

భావం, ఆలోచన, కదలిక అని మూడు అనుకోండి. మామూలు డిప్రెషన్‌లో మూడూ మందగిస్తాయి. మేనియాలో మూడూ ఎగసిపడతాయి. మిశ్రమ స్థితిలో ఒకటో రెండో అడుగంటితే మిగిలింది పైకి లేస్తుంది. ఇది కొత్తగా కనిపెట్టిన జబ్బేమీ కాదు. జర్మనీ మానసిక వైద్యులు ఎమిల్ క్రేపెలిన్, విల్‌హెల్మ్ వైగాంట్ 1899లోనే మిశ్రమ స్థితుల గురించి రాశారు. క్రేపెలిన్ తర్వాత వాటిని ఆరు రకాలుగా విడదీశారు కూడా.

ఇంట్లో వాళ్ళకి ఎలా కనిపిస్తుంది?

ఒకావిడ చెప్పింది చెప్పినట్టు రాస్తాను. "మావారు రాత్రి రెండింటికి లేచి బండి కడుగుతున్నారండీ. కడుగుతూనే ఏడుస్తున్నారు. ఎందుకండీ అంటే తెలీదంటారు. వచ్చి పడుకోండి అన్నందుకు బకెట్ విసిరేశారు. అయిదు నిమిషాలు కాకుండానే నా దగ్గరికొచ్చి, నా వల్ల నీ బతుకు పాడైపోయింది, నేను పోతే నువ్వు సుఖపడతావ్ అన్నారు. తెల్లారి ఏమీ ఎరగనట్టు డ్యూటీకి వెళ్ళిపోయారు. అక్కణ్ణుంచి గంటకోసారి ఫోను."

ఆ నాలుగు మాటల్లోనే దాదాపు అంతా ఉంది. ఏడుపు, అపరాధ భావం, చావు మాట డిప్రెషన్ వైపువి. నిద్ర లేకపోయినా తగ్గని ఊపు, కారణం లేని కోపం, గంటగంటకీ ఫోను రెండో వైపువి. తెలుగులో కాలు కాలిన పిల్లి అంటామే, సరిగ్గా అలా. హాల్లోంచి డాబా మీదికి, డాబా మీంచి వీధిలోకి.

రోగి నోటి మాట మాత్రం వేరుగా ఉంటుంది. "దిగులుగా ఉంది" అని చాలామంది అనరు. "బుర్ర ఆగట్లేదండీ", "గుండెల్లో గాభరా", "నరాలు లాగేస్తున్నాయి", "ఒళ్ళంతా మంటలు" అంటారు. దాంతో ముందు ఈసీజీ, ఆ తర్వాత నరాల డాక్టరు, ఆ తర్వాత బీ కాంప్లెక్సు. సైకియాట్రిస్టు దగ్గరికి వచ్చేసరికి నెలలు గడిచిపోతాయి. కోపం మీదే అందరి కళ్ళూ ఉంటాయి కాబట్టి ఇంట్లో వాళ్ళు దాన్ని పొగరనుకుంటారు, ఆఫీసులో క్రమశిక్షణ లేదనుకుంటారు. వెనకాల ఉన్న దిగులు ఎవరికీ కనిపించదు.

ఇది బైపోలార్ జబ్బా, మామూలు డిప్రెషనా?

రెండింట్లోనూ వస్తుంది. జీవితంలో ఎప్పుడూ మేనియా గానీ, దానికంటే తేలికైన హైపోమేనియా గానీ రాకుండా, ఒక్క డిప్రెషనే వచ్చేవాళ్ళది యూనిపోలార్. పైకీ కిందికీ రెండు వైపులా వెళ్ళేవాళ్ళది బైపోలార్. 2013లో వచ్చిన అమెరికన్ వర్గీకరణ గ్రంథం డీఎస్‌ఎం-5, "మిశ్రమ లక్షణాలతో" అనే ముద్రను రెండు రకాలకీ వేయొచ్చని ఒప్పుకుంది.

అయితే యూనిపోలార్ అనుకున్న మనిషిలో ఈ లక్షణాలు కనిపిస్తే, ముందు ముందు బైపోలార్‌గా తేలే అవకాశం మిగతావాళ్ళకంటే ఎక్కువ. అందుకే డాక్టర్లు పాత సంగతులు తవ్వుతారు. ఇరవైల్లోనో అంతకంటే ముందో మొదటి డిప్రెషన్ వచ్చిందా? ఇంట్లో ఎవరికైనా బైపోలార్ ఉందా? ఎప్పుడైనా కనీసం నాలుగు రోజులు వరసగా, మూడు నాలుగు గంటల నిద్రతో సరిపెట్టుకుని, మామూలుకి మించిన హుషారుతో, ఖర్చుతో, ప్లాన్లతో గడిపారా? ఈ చివరి ప్రశ్నకి రోగి లేదనే అంటాడు. ఆ రోజులు అతనికి బాగున్న రోజులుగా గుర్తుంటాయి. "ఆ వేసవిలో మా తమ్ముడు ఒకేసారి మూడు వ్యాపారాలు మొదలెట్టాడు" అని అక్క చెబితే తప్ప అసలు సంగతి బయటికి రాదు.

పొద్దున సంతోషం, సాయంత్రం ఏడుపు. ఇదేనా?

అదొక్కటే అయితే కాదు. మూడ్ మారుతూ ఉండటం చాలా జబ్బుల్లో ఉంటుంది, జబ్బు లేనివాళ్ళలోనూ ఉంటుంది. రోజులో ఎక్కువ భాగం రెండు వైపుల లక్షణాలూ ఒకేసారి ఉండాలి, అదీ రోజుల తరబడి, మనిషి మామూలు స్వభావానికి భిన్నంగా.

ఇది టెన్షన్ కాదా? మాకు అలాగే అనిపించింది.

పైకి రెండూ ఒకేలా ఉంటాయి, రెండూ కలిసి కూడా వస్తాయి. తేడా పట్టుకోవడానికి నేను ఇంటివాళ్ళని ఒక్కటే అడుగుతాను: బుర్రలో ఏం తిరుగుతోందట? ఆందోళనలో సాధారణంగా ఒకే భయం గిరగిరా తిరుగుతుంది. లోను ఎలా కట్టాలి, అమ్మాయి సంబంధం ఏమవుతుంది, ఈ గుండె దడ ఏమిటి. మిశ్రమ డిప్రెషన్‌లో ఆలోచనలు ఒకదాని మీద ఒకటి పడిపోతాయి, ఏదీ పూర్తవదు, సగం పాత పాట, సగం చిన్నప్పటి అవమానం. దానికి తోడు ఎవరూ రెచ్చగొట్టకపోయినా వచ్చే కోపం, మాట మీద పట్టు తప్పడం ఉంటే అది టెన్షన్ దాటిపోయినట్టే.

థైరాయిడ్ ఎక్కువైనా, స్టెరాయిడ్ మాత్రలు వాడుతున్నా, తాగుడు ఉన్నట్టుండి మానేసినా ఇలాంటి అలజడి వస్తుంది. ఇంకొకటి ఉంది, దాన్ని తరచు మర్చిపోతారు. వాంతులకిచ్చే మెటోక్లోప్రమైడ్, మానసిక వైద్యంలో వాడే హాలోపెరిడాల్, అరిపిప్రజోల్ లాంటి మందుల వల్ల కాళ్ళు ఒక చోట నిలవకుండా పోవడం. అది జబ్బు ముదిరినట్టు కనిపిస్తుంది, నిజానికి మందు దుష్ప్రభావం. మోతాదు తగ్గిస్తేనో, ప్రొప్రనొలాల్ లాంటిది ఇస్తేనో తగ్గుతుంది. అందుకని ఏ మందు మొదలెట్టిన ఎన్ని రోజులకి అలజడి మొదలైందో డాక్టరుకి తప్పకుండా చెప్పండి.

దీన్ని గుర్తించడంలో డాక్టర్ల మధ్యే తేడాలెందుకు?

గీత ఎక్కడ గీయాలన్న దాని మీద పేచీ ఉంది కాబట్టి. 1994 నాటి డీఎస్‌ఎం-4 ప్రకారం వారం రోజుల పాటు డిప్రెషన్, మేనియా రెండూ పూర్తిస్థాయిలో ఉంటేనే మిశ్రమం. అలాంటివాళ్ళు అరుదు. డీఎస్‌ఎం-5 దాన్ని సడలించి, డిప్రెషన్‌తో పాటు మేనియా లక్షణాలు కనీసం మూడు ఉంటే చాలంది. కానీ చిరాకు, ఏకాగ్రత చెదరడం, ఒంట్లో కుదురు లేకపోవడం, ఈ మూడింటినీ లెక్కలోంచి తీసేసింది. అవి రెండు జబ్బుల్లోనూ ఉంటాయి కాబట్టి దేనికీ గుర్తు కావని దాని వాదన.

గ్రీసులో పుట్టి రోమ్‌లో వైద్యం చేసిన అథనాసియోస్ కుకోపులోస్ దీనికి సరిగ్గా ఎదురు మాట అన్నారు. లోపలి అలజడి, ఆలోచనల రద్దీ, కోపం, మందకొడితనం లేకపోవడం, ఎక్కువ మాట్లాడటం, బాధని పెద్దగా చెప్పుకుంటూ భోరుమనడం, మూడ్ నిలకడ లేకపోవడం, పడుకోగానే నిద్ర పట్టకపోవడం, ఇవే అసలు గుర్తులని ఆయన లెక్క. ఈ ఎనిమిదింట్లో మూడుంటే మిశ్రమ డిప్రెషన్ అనుమానించాలన్నారు.

కొలత మారితే లెక్క ఎంత మారుతుందో 2015లో వచ్చిన బ్రిడ్జ్-2-మిక్స్ అధ్యయనంలో చూడొచ్చు. డిప్రెషన్‌తో ఉన్న 2,811 మందిలో డీఎస్‌ఎం-5 ప్రకారం మిశ్రమ లక్షణాలున్నవాళ్ళు 7.5 శాతం. చిరాకు, అలజడి లాంటివి కూడా కలుపుకునే పరిశోధకుల కొలమానంతో చూస్తే అదే జనంలో 29.1 శాతం. ఓపీ బెంచీ మీద కూర్చునే నాకు కుకోపులోస్ జాబితాయే మనుషులకి దగ్గరగా కనిపిస్తుంది. అలాగని డిప్రెషన్‌లో కోపం వచ్చిన ప్రతి మనిషికీ బైపోలార్ ముద్ర వేయడమూ మంచిది కాదు. అవసరం లేని మందులు ఏళ్ళ తరబడి మింగినవాళ్ళనీ చూస్తుంటాం.

రక్తపరీక్షలో గానీ స్కాన్‌లో గానీ తెలుస్తుందా?

తెలియదు. థైరాయిడ్, షుగర్, బీ12, కిడ్నీ, లివర్ పరీక్షలు వేరే కారణాలు లేవని చూడటానికీ, మందు మొదలెట్టే ముందు ఒంటి స్థితి తెలుసుకోవడానికీ.

ఆత్మహత్య ప్రమాదం ఎక్కువంటున్నారు. నిజమేనా?

నిజం. ఈ జబ్బు పేరు నలుగురికీ తెలియాలని నేను పట్టుబట్టేది ఇందుకే. గట్టి డిప్రెషన్‌లో మనిషికి బతుకు మీద ఆశ ఉండదు, లేచి నిలబడే ఓపికా ఉండదు. మిశ్రమ స్థితిలో ఆశ ఉండదు, ఓపిక ఉంటుంది. తొందరపాటు, నిద్రలేమి, ఎలాగైనా ఈ అలజడి ఆగాలన్న తపన దానికి తోడవుతాయి. మంచం మీంచి లేవని మనిషిని చూసి భయపడే ఇల్లు, తిరుగుతున్న మనిషిని చూసి కోలుకుంటున్నాడని ధీమా పడుతుంది. నన్నడిగితే ఎక్కువ కాపలా ఉండాల్సింది ఈ రెండో ఇల్లే.

కాపలా అంటే తలుపుకి గొళ్ళెం పెట్టడం కాదు. కొన్నాళ్ళు రాత్రిళ్ళు ఒంటరిగా వదలకండి. ఇంట్లో ఉన్న మాత్రలన్నీ, బీపీవీ షుగరువీ సహా, ఒకరి దగ్గర పెట్టుకుని ఏ పూటవి ఆ పూట ఇవ్వండి. అనకాపల్లి, చోడవరం వైపు నుంచి వచ్చేవాళ్ళకి ప్రత్యేకంగా చెబుతుంటాను, పురుగుమందు డబ్బాలు ఇంట్లో అసలు ఉండకూడదు. ఆ అలజడి తీవ్రత ఎక్కువసేపు ఒకే స్థాయిలో ఉండదు. ఆ గంట దాటించడానికి అందుబాటులో ఏముంది, ఏం లేదు అన్నది చాలా తేడా చేస్తుంది.

"చచ్చిపోవాలనిపిస్తోందా" అని అడిగితే లేని ఆలోచన పెట్టినట్టు కాదా?

కాదు. సూటిగా, మామూలు గొంతుతో అడగండి. చాలామంది ఎవరైనా అడుగుతారేమోనని ఎదురుచూస్తుంటారు. అవునంటే వాదించకండి, ఒట్టు వేయించుకోకండి, పిల్లల మొహం చూడమని దెప్పకండి. ఎప్పట్నుంచి, ఏమైనా అనుకున్నావా అని మాత్రం అడిగి, ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి.

ప్రయత్నం చేస్తే పోలీసు కేసవుతుందని ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి భయపడ్డాం.

ఆ భయంతో పోగొట్టుకున్న సమయమే ప్రాణాలు తీస్తుంది. ఆసుపత్రిలో మెడికో-లీగల్ కేసుగా రాసుకోవడం ఉండొచ్చు. కానీ 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, అందుకు విచారించి శిక్షించకూడదు. వైద్యం, పునరావాసం చూడాల్సిన బాధ్యత ప్రభుత్వానిదని కూడా ఆ సెక్షనే చెబుతుంది.

డిప్రెషన్ మాత్ర మొదలెట్టాక ఇంకా ఎక్కువైంది. ఆపేయాలా?

మీ అంతట మీరు ఆపకండి, అలాగని వచ్చే అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి. ఆ రోజే డాక్టరుకి ఫోన్ చేసి మూడు మాటలు చెప్పండి: నిద్ర తగ్గింది, అలజడి పెరిగింది, చావు మాటలు వస్తున్నాయి. లేకపోతే లేవని చెప్పండి.

మామూలు యాంటీడిప్రెసెంట్లు ఎందరికో మేలు చేస్తాయి. మిశ్రమ స్థితిలో మాత్రం అవి ఊపుని ఇంకా పెంచి, దిగులుని అలాగే ఉంచొచ్చు. బైపోలార్ మనిషికి మిశ్రమ లక్షణాలుంటే వాటిని వాడకపోవడమే మంచిదని అంతర్జాతీయ బైపోలార్ సొసైటీ నిపుణుల బృందం 2013లో చెప్పింది. చిన్నవయసు వాళ్ళ మీద ఇంకా ఎక్కువ కన్ను ఉండాలి. అమెరికాలో ఈ మందుల డబ్బా మీద పిల్లలు, కౌమార వయసు వాళ్ళలో ఆత్మహత్య ఆలోచనలు పెరగొచ్చన్న హెచ్చరిక 2004లో వచ్చింది, 2007లో దాన్ని 24 ఏళ్ళ దాకా పెంచారు. మందుల షాపులో పాత చీటీ చూపించి మళ్ళీ మళ్ళీ అదే మాత్ర తెచ్చుకునే అలవాటు మన ఊళ్ళో బాగా ఉంది. ఈ జబ్బులో అది ప్రమాదం.

మరి ఏ మందులు ఇస్తారు?

అది డాక్టరు నిర్ణయం. సాధారణంగా క్వెటియాపిన్, ఒలాంజపిన్, లురాసిడోన్ లాంటివో, లిథియం, వాల్‌ప్రొయేట్, లామోట్రిజిన్ లాంటి మూడ్ స్టెబిలైజర్లో, ఒక్కోసారి రెండూ కలిపి. యూనిపోలార్ మనుషుల్లో మిశ్రమ లక్షణాలకి లురాసిడోన్ ఆరు వారాల్లో డమ్మీ మాత్రకంటే బాగా పనిచేసిందని 2016లో ఒక పరీక్ష తేల్చింది. దానితో ఒక చిక్కుంది. కనీసం 350 కేలరీల తిండితో వేసుకోవాలి, లేకపోతే ఒంటపట్టేది సగానికి పడిపోతుంది. రాత్రి మజ్జిగ తాగి పడుకునేవాళ్ళకి మందు పనిచేయలేదని మోతాదు పెంచడం నేనెరుగుదును.

క్వెటియాపిన్, ఒలాంజపిన్‌తో బరువు, షుగరు పెరుగుతాయి. పిల్లల్ని కనే వయసు ఆడవాళ్ళకి వాల్‌ప్రొయేట్ వీలైనంత వరకు వద్దు, కడుపులో బిడ్డకి హాని. లామోట్రిజిన్ వారాల తరబడి నెమ్మదిగా పెంచాలి, ఒంటి మీద దద్దుర్లు వస్తే వెంటనే చెప్పాలి. క్లోనజెపామ్ లాంటి మత్తుమాత్ర మొదటి రోజుల్లో అలజడి తగ్గించడానికి పనికొస్తుంది, ఏళ్ళ తరబడి మింగేది కాదు.

లిథియం అంటే భయపెడుతున్నారు. మన ఎండల్లో వాడొచ్చా?

వాడొచ్చు, జాగ్రత్తగా. 1949లో ఆస్ట్రేలియా డాక్టర్ జాన్ కేడ్ మొదలుపెట్టిన మందు ఇది. మూడ్ జబ్బుల్లో ఆత్మహత్యలు తగ్గిస్తుందని ఇంత గట్టి ఆధారాలున్న మందు మరొకటి లేదు. మిశ్రమ స్థితిలో లిథియం ఒక్కదానితోనే ఊపు అదుపులోకి రాకపోవచ్చు, ఇంకోటి జోడిస్తారు.

దీనితో తంటా ఏమిటంటే, పనిచేసే మోతాదుకీ విషమయ్యే మోతాదుకీ మధ్య దూరం తక్కువ. రక్తంలో సాధారణంగా లీటరుకి 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ దాకా ఉంచుతారు. చివరి మాత్ర వేసుకున్న 12 గంటలకి రక్తం ఇవ్వాలి, పొద్దున మాత్ర మింగేసి లాబ్‌కి వెళితే లెక్క తప్పు వస్తుంది. కిడ్నీ, థైరాయిడ్ కూడా ఆరు నెలలకోసారైనా చూడాలి.

విశాఖ మే నెల ఉక్కపోతలో చెమటతో నీరూ ఉప్పూ పోతే లిథియం ఒంట్లో నిలిచిపోతుంది. విరేచనాలు పట్టుకున్నా అంతే. బీపీ ఉందని ఉన్నట్టుండి ఉప్పు మానేసినా అంతే. నొప్పులకి ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్ వేసుకోకండి, పారాసిటమాల్ చాలు. చేతులు గట్టిగా వణకడం, వాంతులు, తూలడం, మాట ముద్దగా రావడం కనిపిస్తే తర్వాతి మాత్ర వేయకుండా ఆసుపత్రికి వెళ్ళాలి.

కరెంటు షాకులు ఇస్తారా?

సినిమాల్లో చూపించేది కాదు. ఈసీటీని, అంటే ఈ కరెంటు చికిత్సని, మత్తిచ్చి, కండరాలు వదులయ్యే మందిచ్చి చేస్తారు. అవి లేకుండా చేయడం 2017 చట్టం ప్రకారం నేరం. ప్రాణం మీదికి వచ్చినప్పుడు, మందులు పనిచేయనప్పుడు, గర్భిణులకి కొన్ని సందర్భాల్లో అదే మేలు. ఆ వారాల జ్ఞాపకాలు కొన్ని చెరిగిపోవచ్చు.

డాక్టరు దగ్గర ఏం చెప్పాలి? అయిదు నిమిషాలే చూస్తారు.

నిజమే, ఓపీ రద్దీ అలా ఉంటుంది. అందుకే కాగితం మీద రాసుకుని వెళ్ళండి. రెండు వారాల నిద్ర: ఎన్నింటికి పడుకున్నారు, ఎన్నింటికి లేచారు, పగలు నీరసంగా ఉన్నారా, ఊపుగా ఉన్నారా. ఇంతకుముందు వాడిన మందుల పేర్లు, దేనితో మేలు, దేనితో కీడు. ఇంట్లో ఎవరికైనా ఇలాంటి జబ్బు, ఆత్మహత్య. ఎప్పుడైనా అతి హుషారు. చావు మాట అన్నారా. ఇవన్నీ ఒక పేజీలో పడతాయి. "డిప్రెషన్ అండీ" అని మొదలెట్టకండి. "నిద్ర లేదు, బుర్ర ఆగట్లేదు, కోపం, దాంతో పాటే దిగులు" అని మొదలెట్టండి, డాక్టరు అడిగే ప్రశ్నలే మారిపోతాయి. రోగి ఒప్పుకుంటే ఇంట్లో ఒకరు విడిగా రెండు నిమిషాలు మాట్లాడండి.

విశాఖలో ఎక్కడికి వెళ్ళాలి?

చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది, ఆంధ్రా మెడికల్ కాలేజీకి అనుబంధం. పిచ్చాసుపత్రి అనే పాత పేరు జనం నోట్లోంచి ఇంకా పోలేదు, దాంతో మంచి ఇళ్ళవాళ్ళం అనుకునేవాళ్ళు గేటు దాకా వచ్చి వెనక్కి వెళుతుంటారు. ఓపీలో చూపించుకుని మందులు తీసుకుని ఇంటికెళ్ళేవాళ్ళే ఎక్కువ. మాత్రలు ఎక్కువ మింగడం, విషం లాంటి అత్యవసరమైతే కేజీహెచ్ (కింగ్ జార్జ్ హాస్పిటల్) గానీ, దగ్గర్లో ఏ పెద్దాసుపత్రి క్యాజువాల్టీ అయితే అది గానీ. ప్రైవేటు సైకియాట్రిస్టులు ఊళ్ళో చాలామందే ఉన్నారు. అర్ధరాత్రి ఎవరితోనైనా మాట్లాడాలంటే 14416, టెలీ మానస్. కేంద్రం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టింది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

మా గుంటడికి ఎవరో ఏదో చేశారంటున్నారు. ముందు తాయెత్తు కట్టించాలా?

కట్టించండి, మందు ఆపకండి. ఇంట్లో పెద్దవాళ్ళ మనసు కుదుటపడితే ఇల్లు కాస్త చల్లబడుతుంది, అదీ మేలే. ఉపవాసాలు చేయించడం, కొట్టడం, రాత్రంతా నిద్ర లేకుండా కూర్చోబెట్టడం ఉంటే మాత్రం ఒప్పుకోకండి. నిద్ర చెడితే ఈ జబ్బు ముదురుతుంది.

నైట్ షిఫ్టు ఉద్యోగం. మానేయాలా?

ఇది షిఫ్టుల ఊరు. స్టీల్‌ప్లాంటు, పోర్టు, ఫార్మా కంపెనీలు, మధురవాడ వైపు సాఫ్ట్‌వేరు. ఉద్యోగం మానేయమని ఎవరూ తేలిగ్గా చెప్పలేరు, మానేస్తే వచ్చే టెన్షన్ వేరు. కానీ బైపోలార్ వైపు మొగ్గు ఉన్న మనిషికి వారం వారం మారే షిఫ్టు అన్నిటికంటే చెడ్డది. జబ్బు తగ్గేదాకా అయినా జనరల్ షిఫ్టు అడగండి, డాక్టరు చీటీలో రాసిస్తారు. చీటీలో జబ్బు పేరు కనిపించకూడదంటే ఆ మాట డాక్టరుతో ముందే చెప్పుకోండి. అది కుదరకపోతే కనీసం ఒకే షిఫ్టులో ఉంచమనండి, పగటి నిద్రకి గది చీకటి చేసి ఫోను పక్క గదిలో పెట్టండి.

మందు కొట్టినా, గంజాయి పీల్చినా కాస్త ప్రశాంతంగా ఉంటుందంటాడు.

మొదటి గంట ఉంటుంది. తాగుడుతో పట్టే నిద్ర మూడింటికల్లా తెగిపోతుంది, ఆ తర్వాత అలజడి రెట్టింపు. గంజాయి మేనియానీ, భ్రమల్నీ రెచ్చగొడుతుంది, అందులోనూ చిన్నవయసులో. ఏజెన్సీ పక్కనే ఉన్న ఊరు కదా, కాలేజీ పిల్లలకి ఎంత తేలిగ్గా దొరుకుతోందో పేపర్లో రోజూ చూస్తున్నాం. తిట్టకుండా అడగండి, డాక్టరుకి దాచకుండా చెప్పండి.

కాన్పు తర్వాత మా అమ్మాయి ఇలా అయింది. బాలింత వాతమా?

బిడ్డ పడుకున్నా తను పడుకోకపోవడం, ఆగని మాటలు, అకారణ కోపం, ఏడుపు కలిసి ఉంటే వాతం అనుకుని కూర్చోకండి. కాన్పు తర్వాతి వారాల్లోనే బైపోలార్ జబ్బు మొదటిసారి బయటపడటం మామూలే. ఇది ఆ రోజే చూపించాల్సిన సంగతి, తల్లీబిడ్డా ఇద్దరి కోసం.

కౌన్సెలింగ్‌తో తగ్గదా?

ఊపు అదుపులోకి రాకముందు గంటసేపు కూర్చోబెట్టి మాట్లాడించడం మనిషిని ఇంకా రేపుతుంది. ముందు మందు, నిద్ర. ఆ తర్వాత కౌన్సెలింగ్ నిజంగా పనికొస్తుంది. నిద్ర, తిండి, పని వేళల్ని ఒక క్రమంలో పెట్టుకోవడం, జబ్బు మళ్ళీ వస్తున్న తొలి గుర్తులు పట్టుకోవడం.

మందులు ఎన్నాళ్ళు?

అలజడి, నిద్ర రోజుల్లోనో ఒకటి రెండు వారాల్లోనో సర్దుకోవడం మొదలవుతుంది, దిగులు ఆలస్యంగా కదులుతుంది. ఆ మధ్యకాలంలో "మందు పనిచేయట్లేదు" అని డాక్టర్ని మార్చేవాళ్ళు చాలామంది. బైపోలార్ అని తేలితే ఏళ్ళ తరబడి. యూనిపోలార్ అయితే తగ్గాక కూడా కొన్ని నెలలు వాడి, నెమ్మదిగా తగ్గిస్తారు.

లిథియం వాడుతున్నారు. సింహాచలం గిరి ప్రదక్షిణ చేయొచ్చా?

ఆషాఢం దగ్గరపడగానే వచ్చే ప్రశ్న. 32 కిలోమీటర్లు, చాలామంది రాత్రంతా నడుస్తారు, ఒళ్ళంతా చెమట. నిద్ర పోతుంది, నీరు పోతుంది, రాత్రి మాత్ర వేళ తప్పుతుంది. జబ్బు తగ్గి ఏడాదైనా కాని మనిషిని నేనైతే పంపను. మొక్కు ఉందంటే ఇంట్లో ఇంకొకరు నడవొచ్చు, లేదా మామూలు రోజు పొద్దున కొండెక్కి దర్శనం చేసుకు రావొచ్చు. డాక్టరు సరేనన్నా సాయంత్రం పెందలాడే మొదలెట్టి, కొంత దూరం నడిచి, పది లోపు ఆటో ఎక్కి ఇంటికి వచ్చేయండి. దారి పొడవునా నీళ్ళు, ఉప్పు వేసిన మజ్జిగ. కాళ్ళ నొప్పులకని దారిలో ఎవరో ఇచ్చే మాత్ర మింగొద్దు, అది ఎక్కువగా డైక్లోఫినాకే అయి ఉంటుంది. మర్నాడు వాంతులో, వణుకో కనిపిస్తే లిథియం ఆపి అదే రోజు రక్తపరీక్షకి వెళ్ళండి.